చేతి చలవ

బాస్కెట్‌బాల్ ఫైనల్ ముగియడానికి ఇంకా రెండు సెకన్లున్నాయి. వీళ్ల జట్టు ఒక్క పాయింటు వెనకుంది. అవతలివాళ్లు చేసిన ఫౌలుకి రెండు ఫ్రీ త్రోలు దొరికాయి. రెండూ బుట్టలో పడితే కప్పు వీళ్లది. వెయ్యాల్సింది కెప్టెను. పొడుగు చూసి అందరూ నిచ్చెన అంటారు.

కోచ్ టైమవుట్ అడిగి నిచ్చెనని పక్కకి లాగాడు. ఆయన ఎడమ కన్ను అదురుతోంది. బెంచీ కింద సూట్‌కేసు తాళం వేసి ఉంది. పాపం, ఉద్యోగం ఊడుతుందని పొద్దున్నే సర్దేసుకున్నాడు అనుకున్నాడు నిచ్చెన.

క్లబ్బు ఒప్పందం అలాంటిది మరి. మూడేళ్లకోసారి వచ్చే ఈ కప్పు ఓడితే కోచ్ ఆ సాయంత్రమే ఇంటికి. గెలిస్తే మరో మూడేళ్లు, మధ్యలో మానెయ్యడం కుదరదు. ఓడితే ఆ కుర్చీ నీదేనని ప్రెసిడెంటు నిచ్చెన చెవిలో ముందే వేశాడు. మోకాలు మొరాయిస్తున్న ఆటగాడికి ఆ మాట చేదుగా ఏం లేదు.

కానీ తనకి బంతి పట్టడం నేర్పింది ఈయన. తొమ్మిదేళ్ల కిందట ఈయనే కెప్టెను. ఇలాంటి ఫైనల్లోనే, కళ్లు మూసుకుని వేసినా పడే త్రో పోగొట్టాడు. అప్పటి కోచ్ పెద్దాయన ఇంటికి పోయాడు, ఈయన కుర్చీ ఎక్కాడు. తర్వాత రెండు కప్పులు గెలిచాడు. రెండుసార్లూ ఏడ్చాడు. ఆనందం పట్టలేక అని పేపర్లు రాశాయి.

ఇంటికెళ్లిన ఆ పెద్దాయన ఓ ఫొటో పంపాడు. చేతిలో గాలం, భుజమ్మీద మనవరాలు, నోరంతా నవ్వు. కింద రాత: "అంతా నీ చేతి చలవ." కోచ్ దాన్ని తన గది తలుపుకి అంటించుకున్నాడు. గ్యాలరీ మెట్ల కింద కిటికీ లేని గది. భార్యాపిల్లలు వేరే ఊళ్లో ఉంటే ఆయన మంచం అక్కడే. అంత ఎత్తిపొడుపుని రోజూ చూసుకుంటాడేమిటని జట్టంతా నవ్వుకునేది.

"ఏం చెయ్యమంటారన్నా?"

కోచ్ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. "నా నోటితో ఎలా చెప్పనురా. తర్వాత అది నీ నెత్తినే పడుతుంది." చెమట తుడుచుకున్నాడు. "నీ చేతి చలవ."

నిచ్చెన ఆయన భుజం తట్టాడు. "మీరు నిశ్చింతగా ఉండండి. ఆ కుర్చీలోంచి మిమ్మల్ని కదలనివ్వను."

మొదటి బంతి రింగు తాకకుండా దిగింది. రెండోది రింగు మీద రెండు చుట్లు తిరిగి, కాసేపు ఆలోచించి, లోపలికే పడింది.

మిగిలిన రెండు సెకన్లూ అయిపోగానే జనం కోర్టు మీదికి దూకారు. కోచ్ ఉన్నచోటే చతికిలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. ప్రెసిడెంటు వంగి, ఆ చేతుల్లో ఒకదాన్ని విడదీసి, ఒప్పందం మీద సంతకానికి పెన్ను పెట్టాడు.

నిచ్చెన మెట్ల కింద గదికి వెళ్లేసరికి కోచ్ సూట్‌కేసులోంచి చొక్కాలు ఒక్కొక్కటే తీసి మేకులకి తగిలిస్తున్నాడు. నిచ్చెన నవ్వుతూ తలుపు మీది ఫొటో పీకాడు.

"ఇంకెందుకన్నా ఈ ఎత్తిపొడుపు? తొమ్మిదేళ్ల మచ్చ ఇవాళ్టితో పోయింది. చింపేద్దాం."

కోచ్ దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, మడత సాపు చేసి, మళ్లీ అదే చోట అంటించాడు.

"అది ఎత్తిపొడుపు కాదురా."