పిట్ట నేర్చుకున్న ఆట

“నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఏమైనా అయితే ఎలా మేడమ్?” అంది ఆయా.

“ఎలర్జీ ఇంజెక్షన్ అల్మరాలో పెట్టించాను. శిశు కేంద్రాలన్నిట్లో ఉండాలని రూలొచ్చింది కదా! ఇవ్వడం కూడా నీకు నేర్పించారు. సాయంత్రం మిగిలేది ఒక్క పిల్ల. దానికి ఇద్దరు మనుషులా?” హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుంది మేడమ్.

తోడుండే ఇంకో ఆయాను, ఉబ్బసం ఉందని తెలియగానే మాన్పించింది ఆవిడే. ఆయా వెళ్లి గేటు తీసింది.

గేటు పడింది. పొద్దంతా చెవులు చిల్లులు పడేలా ఉండే గదిలో బుల్లి కుర్చీల మధ్య పిట్ట మిగిలింది. ఐదేళ్ల పిట్ట కోసం వాళ్లమ్మ ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఈ వేళకి ఈ గదికీ, తానుండే గదికీ పెద్ద తేడా కనిపించదు ఆయాకి. ఇక్కడ పిట్ట ఉంది, అంతే.

పిల్లలు వేరుశనగ బిస్కెట్లు తిన్న బల్లని, చేతులకి తొడుగులేసుకుని, తడిగుడ్డతో మళ్లీ మళ్లీ తుడిచింది. పిట్ట చేతులు సబ్బుతో కడిగించింది.

“ఇక ఆడదామా?” అంటూ నేర్పేటప్పుడు ఇచ్చిన, సూది లేని నమూనా ఇంజెక్షన్ పెన్ను తీసింది.

పిట్ట గంతేసింది. “బొమ్మకి పొడుస్తా!”

“బొమ్మ కాలు పుల్లలా ఉంది. నాకు పొడువు, గురి తప్పదు. గొంతు వాచి ఊపిరాడకపోతే ఏం చేయాలి?”

“మూత లాగాలి. తొడకి టక్కున నొక్కాలి. అలాగే పట్టుకోవాలి. తర్వాత ఫోన్!”

“అసలు పెన్ను ఎక్కడుంటుంది?”

“అందరూ వెళ్లాక నీ ఏప్రాన్ జేబులో!”

“మా బంగారమే!”

“మీ ఇంట్లో కూడా ఆడతావా ఆయమ్మా?”

“ఎవరితో ఆడను? మా ఇంట్లో నోరున్నది గోడ గడియారానికే.”

పిట్ట జాలిపడి, ఈసారి ఇంకాస్త గట్టిగా పొడిచింది. ఇద్దరూ పకపకా నవ్వారు.

“ఏంటిది?” గుమ్మంలో పిట్ట వాళ్లమ్మ. “పసిదానితో ఇంజెక్షన్ల ఆటలా? అది చేయాల్సింది నువ్వు కదా ఆయమ్మా!”

“సూది లేదమ్మా. నేర్చుకుంటే మంచిదని...”

“మా పిల్లకి ఏ ఎలర్జీ లేదు. ఉందని ఎవరు చెప్పారు నీకు?”

ఆయా గేటు వైపు చూసి, గొంతు తగ్గించింది. “మేడమ్‌కి చెప్పనంటే చెబుతా.”

ఆమె తలూపింది.

“ఉన్నది నాకమ్మా.”