నజీమాకో కష్టం కావాలి

“పెళ్ళయి పదకొండేళ్ళయింది. కూరలో ఉప్పెక్కువైందని ఒక్కసారన్నా కంచం విసిరావా నువ్వు?” అంది నజీమా.

అమ్జద్ చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. “ఉప్పు సరిపోయిందిగా!”

“సరిపోలేదు. కావాలనే రెండు చెంచాలు ఎక్కువేశాను.”

“అదా! ఎండకి నా నోరే పాడైందేమో అనుకున్నా,” అంటూ అతను ముద్ద మింగి, చెంబెడు నీళ్ళు తాగాడు.

నజీమా నెత్తి కొట్టుకుంది. మాచర్లలో బైకులు బాగుచేసే అమ్జద్ రోజంతా ఇనుముతో కుస్తీ పడతాడు గానీ, ఇంటికొచ్చి ఒక మనిషిని గట్టిగా మాట అనడం చేతకాదు. అతని తల్లి హజ్రా బీ మరీ అన్యాయం. కోడలు ఏడు దాకా పడుకుంటే, నిద్ర చెడుతుందని పాలగిన్నె కూడా కడగదు.

“ఇప్పుడు కంచం విసరాల్సినంత పనేమొచ్చింది?”

“శుక్రవారం ఆసియాక్క వస్తంది కాబట్టి.”

ఆసియాది విజయపురి సౌత్. ‘నిలబడ్డ ఆడవాళ్ళు’ అని బ్లాగు రాస్తుంది. లారీ టైర్లు విప్పే రాజమ్మ, యాభయ్యో ఏట పదో తరగతి గట్టెక్కిన మార్తమ్మ, అలాంటి వాళ్ళు ఇప్పటికి నలభై తొమ్మిది మంది. వంటల బ్లాగు రాసుకునే నజీమా ఆ టపాలన్నిటికీ మొదటి వ్యాఖ్య తానే పెడుతుంది. ఈమధ్య వంకాయ కూరను పక్కనబెట్టి, ‘ఇంతమంది గురించి రాసే ఈమె గురించి ఎవరూ రాయరేం?’ అంటూ ఆసియా మీదే ఒక టపా రాసింది. అది చదివి ఆసియా ఫోన్ చేసింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. కళ్ళు తుడుచుకున్నాక, “యాభయ్యో ఆడమనిషివి నువ్వే. నిన్నెవరు అడ్డుకున్నారు? ఎట్లా నిలబడ్డావు?” అని అడిగింది ఆసియా.

“నేనేం చెప్పాలి?” అంది నజీమా మొగుడితో. “మా అత్తతో, మా ఆయనతో చానా కష్టాలక్కా అనేశాను.”

“చానా కష్టాలా!”

“నోటికట్లా వచ్చేసింది. రేపామె వచ్చి మిమ్మల్ని చూస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? నేను గొప్ప మనిషి అనుకునేది ఆమెనొక్కదాన్నే. ఆమె ముందు అబద్ధాలకోరునైపోతా.”

హజ్రా బీ వచ్చి కోడలి తల నిమిరింది. “ఏడవమాక తల్లీ. ఏమనాలో చెప్పు, అంటా.”

మూడు రోజులు సాధన చేశారు. “ఏమే, ఇంకా పొయ్యి ముట్టించలేదా?” అనాలి హజ్రా బీ. ఆమె అంది కూడా. వెంటనే, “పోనీలేమ్మా, నేను ముట్టిస్తాలే,” అంది. “ఫోన్ పగలగొడతా!” అనాల్సిన అమ్జద్‌కి పెళ్ళాం మొహం చూస్తే నవ్వొస్తోంది. గోడవైపు తిరిగి అనడం అలవాటు చేసుకున్నాడు.

శుక్రవారం ఆసియా వచ్చింది. పొట్టి మనిషి, భుజానికి సంచి, చేతిలో నోటుబుక్కు. ఇంకా కుర్చీలో సర్దుకోనే లేదు, వంటింట్లోంచి హజ్రా బీ గొంతు ఉరిమింది.

“ఏమే! బ్లాగులు రాసే చేతులకి చీపురు బరువైందా?”

నజీమా ఉలిక్కిపడింది. ఈ మాట ఆమె నేర్పలేదు.

“పదకొండేళ్ళ నుంచి చూస్తన్నా. వంకాయ ముక్కలు ఏనాడన్నా ఒక్క సైజులో కోశావా నువ్వు?”

తల్లిని చూసి అమ్జద్‌కి కూడా ఊపొచ్చింది. “నోర్ముయ్!” అన్నాడు గోడతో. కంచం అందుకుని విసిరాడు. ఎవరికీ తగలకుండా, మంచం మీద మడిచిపెట్టిన బొంత మీదికి.

ఆసియా కళ్ళు చెమ్మగిల్లాయి. నోటుబుక్కు మూసి నజీమా చెయ్యి పట్టుకుంది. “ఈ ఇంట్లో ఉండి అన్ని వంటలు రాశావా తల్లీ!”

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నజీమా దాన్ని రెండు చేతులా పట్టుకుంది. “అక్కా, నీకొక నిజం చెప్పాలి...”

“ఏం చెప్పొద్దు. నా కళ్ళతో చూశాను,” అంటూ ఆసియా ఫోన్ తీసుకుని వరండాలోకి నడిచింది. చానా సేపు లోపలికి రాలేదు.

మధ్యాహ్నం నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి నలుగురూ భోజనానికి కూర్చున్నారు. హజ్రా బీ మంచి ముక్క ఏరి అలవాటుగా కోడలి కంచం దాకా తీసుకెళ్ళి, గుర్తొచ్చి తన కంచంలో వేసుకుంది. ఆసియా అది కూడా చూసింది.

“ఇది రాసి ఊరుకునే సంగతి కాదు. మా నలభై తొమ్మిది మందికీ గ్రూపులో పెట్టాను. గురజాల వాళ్ళు బస్సెక్కారు. పెదకూరపాడు వాళ్ళు వ్యాను మాట్లాడుకున్నారు. చీకటి పడేలోపు అందరూ ఇక్కడుంటారు.”

“ఎందుకక్కా?” నజీమా గొంతు పీలగా వచ్చింది.

ఆసియా హజ్రా బీ వైపు తిరిగింది. “పెద్దమ్మా, మీరు మారేదాకా మేము ఈ ఇల్లు కదలం. యాభై మందిమీ ఇక్కడే తింటాం, ఇక్కడే పడుకుంటాం.”

అమ్జద్‌కి పొలమారింది. నజీమా అత్త చెయ్యి పట్టుకుని ఊపేసింది. “అత్తా, మారానని చెప్పు! ఇప్పుడే చెప్పు!”

హజ్రా బీ ఆ మాట వినిపించుకోలేదు. “అంతమందీ మనింట్లోనే ఉంటారా?” అని ఆసియానే అడిగింది.

“ఒక్కరు తగ్గకుండా.”

హజ్రా బీ మొహం వెలిగిపోయింది. అటక మీదున్న, విందులకి వండే పెద్ద డేగిసా వంక ఒకసారి చూసి, కొంగు నడుముకి దోపుకుని, గొంతు వీలైనంత కటువుగా చేసుకుని చెప్పింది.

“నేను మారను.”