ఇనుప పాదాలకు పసుపు

ఎమ్మిగనూరులో ఇప్పుడు మోకాళ్ళు అరిగిన వాళ్ళందరూ తమ కాళ్ళ మీద తొడుక్కునే, బ్యాటరీతో నడిచే ఇనుప కాళ్ళతోనే తిరుగుతున్నారు. ముప్పై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చుని మంచాన పడ్డ ఉరుకుందమ్మను మళ్ళీ నడిపించినవీ అవే. అందుకే శ్రీశైలానికి నడిచి వస్తానని మొక్కుకుంది. ఏ ఊళ్ళో చార్జింగు, ఏ సత్రంలో నిద్ర అన్నీ చూసుకున్నాక మెకానిక్ దస్తగిరి దగ్గరికి వెళ్ళింది.

"వీటి కింద రబ్బరు సోల్సు పీకెయ్ నాయనా."

"అవి లేకుంటే దోవలోనే ఇనుము అరిగిపోతాది అవ్వా!"

"మొక్కుకు ఎవరన్నా చెప్పులేసుకొని పోతారా? నన్ను మోసేవి అవే గదా, మొక్కు వాటిది గూడా."

దస్తగిరి నవ్వబోయి ఆగాడు. తన చెప్పులు పక్కన విడిచి, సోల్సు ఊడదీశాడు.

బయలుదేరే పొద్దున ఉరుకుందమ్మ మొదట ఆ ఇనుప పాదాలకు పసుపు రాసింది. గిన్నెలో మిగిలింది తన పాదాలకు రాసుకుంది.