రెండు జానల గౌను

"ఖైదీకి గౌనెందుకమ్మా? వేసుకుని డాన్సు చేస్తాడా?"

సోదా చేసే వార్డరు గౌనుని వేలికి తగిలించి కిటికీలో పైకెత్తి చూపించాడు. వరసలో ఆమె వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు.

"ఆయనకి కాదండీ. లోపల ఆయనతో పాటు ఉండే ఒకతని కూతురికి. ఎల్లుండి పుట్టినరోజు. పోస్టులో వేస్తే అందదని నేనే తెచ్చాను."

"ఇన్నాళ్ళూ పోస్టులోనే పంపావా?"

"పోస్టులోనే. ఉత్తరాలు, చొక్కాలు, అన్నీ. ములాఖత్‌కి నన్ను రావద్దన్నారు. కమ్మీల ఇవతల నన్ను నిలబెట్టి చూడలేరట."

"లోపలున్నది నీకేమవుతాడు?"

"మా ఇంటాయన."

వార్డరు కత్తెర తీశాడు. గౌనుకి బుట్టచేతులున్నాయి. బుట్టలో ఏదైనా దాచొచ్చు.

"అయ్యో, కోయకండి! అది కచ్చా కుట్టే. కొస పట్టుకుని లాగితే ఊడొస్తుంది."

ఆమె కిటికీలోకి చెయ్యి పెట్టి దారం లాగింది. బుట్ట విచ్చుకుంది. లోపల ఏమీ లేదు. ఆమె పని కుట్టుపనే. మొదటిసారి పంపిన చొక్కా అంచులు సోదాలో కత్తెరపాలయ్యాయని ఆయన రాశాడు. అప్పటి నుంచి జైలుకి పంపే ప్రతి బట్టకీ అంచులు కచ్చా కుట్టుతోనే వదిలేస్తోంది. జేబులు పెట్టదు. నాడాలు పెట్టదు.

"గట్టిదానివే," అన్నాడు వార్డరు కత్తెర దించి. "అయినా పిల్లల బట్టలు లోపలికి పోవు. పిల్లేమన్నా లోపలుందా?"

"వాళ్ళ నాన్నమ్మ దగ్గరుంది. ములాఖత్‌కి ఎత్తుకొస్తుందట. తల్లి లేని పిల్లండీ. ఒంటి మీదకి సరైన గుడ్డ లేదని రాశారు. ఆయన ఎప్పుడూ నోరు తెరిచి ఇది కావాలని అడగరు. ఇదొక్కటే అడిగారు."

"కొలతలెవరిచ్చారు?"

"ఆయనే." ఆమె నవ్వింది. "టేపెక్కడిది పాపం. జానలతో రాశారు. పొడుగు నా జానతో రెండు, ఛాతీ చుట్టూ రెండు జానలు, నాలుగు వేళ్ళు అని. ఆయన జాన ఎంతో నాకు తెలియకపోతే కదా."

"ములాఖత్‌లో మధ్యన రెండు జాలీలుంటాయి. చిటికెనవేలు కూడా దూరదు. జానలు ఎక్కడ పెట్టి కొలిచాడు?"

"కంటికొలతేమో లెండి."

ఆమె దిగులు వేరే ఉంది. గౌను పట్టేస్తుందేమో, లేకపోతే గోనెలా వేలాడుతుందేమో. వీధిలో పిల్లలందరికీ గౌన్లు కుట్టింది కానీ పిల్లని ఎదురుగా నిలబెట్టుకోకుండా ఎవరికీ కుట్టలేదు. సొంతానికి కుట్టే అవసరం పడలేదు. ఈ ఒక్క గౌనుకే అంచు విప్పి, కుట్టి, మళ్ళీ విప్పింది.

"నేను బదిలీ మీద వచ్చి వారమైనా కాలేదు," అన్నాడు వార్డరు, కాస్త మెత్తబడి. "టపా చూసే పెద్దాయన టీకెళ్ళాడు. ఆయన ఊఁ అంటే నాకేం అడ్డం లేదు. పక్కకి జరిగి నిలబడు."

ఆమె గౌను తీసుకుని గోడ పక్కకి జరిగింది. తెచ్చుకున్న సూది గేటు దగ్గరే లాక్కున్నారు. విప్పిన బుట్ట మడతలు వేళ్ళతోనే సర్దుకుంటూ నిలబడింది.

పెద్దాయన మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటయ్యా గొడవ?"

"పార్సిలండీ. చంటిపిల్ల గౌను. లోపలికి పంపాలంట."

"నంబరెంతమ్మా?"

ఆమె చెప్పింది. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

"ఓ, ఆయనకా! ఆ మాట ముందే చెప్పొద్దూ." పెద్దాయన చెయ్యి చాచి గౌను అందుకున్నాడు. "దీనికి సోదా ఏంటయ్యా? లోపలికి పోయేదా పెట్టేదా!"

"లోపలికి పోదా అండీ?" అంది ఆమె.

"ఆయన లోపలుంటే కదమ్మా పోవడానికి! విడుదలై మూడేళ్ళు కావొస్తోంది. నడవడిక బాగుందని ముందే వదిలేశారు. ఇక్కడే వెనక వీధిలో వడ్రంగం చేసుకుంటున్నాడు. తన పేరు మీద వచ్చే టపా తిప్పి పంపొద్దని కాళ్ళావేళ్ళా పడ్డాడు. పోనీలే అని అట్టే పెడుతున్నాను. వచ్చి తీసుకుని, తను రాసిన కార్డు ఆ గేటు పక్క పోస్టు డబ్బాలో వేసి పోతుంటాడు."

"ఇంకా రెండేళ్ళుందని..." అంది ఆమె. 

సోదా వార్డరు కత్తెరని బల్ల మీద పెట్టాడు. ఆమె వైపు చూడలేక వరస వైపు చూశాడు.

పెద్దాయన ఇవేవీ గమనించలేదు. గౌనుని తన పొట్ట మీద పరుచుకుని, చెయ్యి చాపి జాన పెట్టాడు. ఒకటి. రెండు.

"అతికినట్టు సరిపోతుంది. మీరేం దిగులు పెట్టుకోకండి. మొన్ననే వాళ్ళావిడ పాపని చంకనేసుకుని ఆయనతో పాటు వచ్చింది. అంతా తండ్రి పోలికే. మీరు పంపే చొక్కాలు చూసి, ఈ చేత్తో నా కూతురికో గౌను పడితే బాగుండునని ఆవిడ ఒకటే ముచ్చటపడింది."

పెద్దాయన గౌనుని మడతపెట్టి అరలో పెట్టాడు. తర్వాత ఆమెకి రెండు చేతులూ జోడించాడు.

"లోపలున్నన్నాళ్ళూ మీరొక్కరే ఆదుకున్నారని ఎప్పుడూ చెబుతుంటాడమ్మా. మీరు ఆయన అక్కగారే కదా?"