ఊడదీసిన వరసలు

ఇదిగో, ఆ ఫోను కాసేపు బోర్లా పడేసి ఇటు చూడు. లోకంలో సంగతులన్నీ నీకే కావాలి గానీ, పక్కన కూర్చున్న మనిషి నవ్వుతోందో పళ్లు నూరుతోందో నీకు తెలిసి ఛస్తేగా! టపాకాయ్ అని అందరూ పిలిచేవాడు ఒకడున్నాడు, అచ్చం నీలాంటివాడే.

ఫ్యాన్లు బాగుచేసే కొట్టు అతనిది. నోటికి అదుపు లేదు, చేతికి అసలే లేదు. పెళ్లాం టిఫిన్ డబ్బాలో రబ్బరు బల్లి పెడతాడు. గొంతు మార్చి ఫోన్ చేసి, "రేపట్నుంచి పనికి రావద్దమ్మా" అంటాడు. ఆమె బిక్కచచ్చిపోతే, రాత్రి అన్నం తింటూ కూడా తల్చుకుని తల్చుకుని నవ్వుతాడు.

ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా సూదులు గుచ్చడమే పని. ఈమధ్య చేతులు వణకడం మొదలైంది. ఓ ముసలాయనకి నరం దొరక్క నాలుగుచోట్ల పొడిచింది. ల్యాబు నడిపే డాక్టరమ్మ గదిలోకి పిలిచింది.

"చెయ్యి నిలవకపోతే నిన్ను ఉంచుకోలేనమ్మా. ముందు నీకోసం కాస్త టైం పెట్టుకో. అల్లికలు నేర్చుకో, మనసు కుదుటపడుతుంది."

అలా కొక్కెం సూదితో ఊలు అల్లడం నేర్పే ఆదివారాల క్రోషే క్లాసులో చేరింది.

"వారమంతా సూదులు చాల్లేదటే? సెలవునాడు కూడా సూదేనా?" అన్నాడు టపాకాయ్. "నేనూ వస్తా పద, ఊలు ఉండ పట్టుకుంటా."

"అక్కడికి మగాళ్లు రారు."

"అబ్బో!"

క్లాసు ఆమెకి బాగా పడింది. టీచరమ్మ ఆమె దగ్గర ఫీజు తీసుకోలేదట. తోటివాళ్లు ఒక్క ప్రశ్న కూడా గుచ్చి అడగరట. వచ్చేటప్పుడు ఒక్కొక్కరూ దగ్గరికి తీసుకుని మరీ పంపిస్తారట.

"నీలో ఏం చూసి అంత నెత్తిన పెట్టుకుంటున్నారే?"

"మంచివాళ్లు" అనేది ఆమె. మొహం కడిగినట్టు తేటగా ఉండేది. వణుకు తగ్గింది.

టపాకాయ్ చేతులు ఊరుకుంటాయా? క్రోషే అల్లిక సంగతి తెలుసుగా. చివరి ముడి వదిలించి పోగు లాగితే చాలు, వరసలకి వరసలే ఊడొస్తాయి. ఆమె స్నానానికి వెళ్లగానే, క్లాసు కోసం అల్లుతున్న శాలువా కాస్త ఊడదీసి, ఆ ఊలు తెంపి, కొట్టులో దాచేవాడు.

"నిన్న ఇంకా పొడుగ్గా ఉండాలే?" అనేది ఆమె, శాలువా అటూ ఇటూ తిప్పుతూ.

"నీకు మతి పోతోందే బాబూ! ల్యాబులో ఎవడి రక్తం ఎవడి సీసాలో పోస్తున్నావో ఏమో!"

ఆమె మొహంలో నెత్తురు లేదు. వణుకు మళ్లీ వచ్చింది. ఇంకొక్క పొరపాటు జరిగితే ఇంటికి పంపేస్తానంది డాక్టరమ్మ. ఆ మాట ఆమె ఏడుస్తూ చెబితే, టపాకాయ్ నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోయాడు.

కొట్టులో ఊలు ఉండ గుమ్మడికాయంత అయింది. దాన్ని క్లాసులో అందరిముందూ ఆమె ఒళ్లో పడేసి, "మతి పోలేదే, నేనే పోగొట్టా!" అనాలి. ఇక ఆ నవ్వులు చూసుకోవాలి.

ఆదివారం ఉండ చంకలో పెట్టుకుని వెళ్లాడు. గదిలో ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. అతన్ని చూడగానే ఆమె చేతిలో సూది ఆగిపోయింది.

టీచరమ్మ ఎదురొచ్చింది. "ఎవరు కావాలండీ?"

అతను పెళ్లాంకేసి వేలు చూపించాడు.

"ఓ, ఆవిడా! మీరేం వరసవుతారు?"

"ఊడదీసే వరసండీ!" ఊలు ఉండ పైకెత్తి పగలబడి నవ్వాడు టపాకాయ్. "మొగుణ్ణండీ, మొగుణ్ణి!"

ఎవరూ నవ్వలేదు. ఓ పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

టీచరమ్మ నొచ్చుకున్న మొహంతో ఆమె వైపు తిరిగింది. "అదేంటమ్మా, మీ ఆయన పోయాడు, ఆ దిగులు మర్చిపోడానికి వచ్చానన్నావు... అప్పుడే ఇంకొకణ్ణి చేసేసుకున్నావా?"