గోడవారన కుర్చీ

“పన్నెండు రోజులూ జ్వరమేనా?” సెలవు కాగితంలోంచి తలెత్తకుండా అడిగింది హెడ్ నర్సు.

“అవును మేడమ్,” అంది కొత్త నర్సు. చెంప వాపు తగ్గి వారమైంది గానీ, ఆస్పత్రి మెట్లెక్కే ధైర్యం ఇవాళ్టిదాకా రాలేదు.

“సరే, ఫైల్లో పెడతాను.” హెడ్ నర్సు లేచి, బీరువా మీదున్న ఫైలు కోసం గబుక్కున చెయ్యెత్తింది.

కొత్త నర్సు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టేసుకుంది.

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. హెడ్ నర్సు దాన్ని మెల్లగా దించింది.

“ఎవరు కొట్టారు?”

“నాలుగో మంచం ముసలాయన కొడుకు. డాక్టరుగారు రావడం ఆలస్యమైందని.” కొత్త నర్సు చేతులు కిందికి దించింది. “ఇంట్లో కూడా జ్వరమనే చెప్పాను. తెలిస్తే అమ్మ ఉద్యోగం మానేయమంటుంది.”

“నేను టైఫాయిడ్ అని చెప్పాను. తొమ్మిదేళ్లయింది. మా ఆయన ఇప్పటికీ నాకు కాచిన నీళ్లే ఇస్తాడు,” అంది హెడ్ నర్సు.

కొత్త నర్సు ఆమె కుర్చీ వైపు చూసింది. గోడకి ఆనించి, తలుపుకి ఎదురుగా వేసుంటుంది. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం మేడమ్ డేగలా కాపు కాస్తోందని వార్డంతా నవ్వుకునేది. తనూ నవ్వింది.

“కాసేపు అందులో కూర్చో. వెనకనుంచి ఎవరూ రాలేరు.”

కొత్త నర్సు కూర్చుంది. హెడ్ నర్సు తలుపుకి వీపు పెట్టి, ఎదుటి కుర్చీలో కూర్చుని సెలవు కాగితం అందుకుంది. ఒక్క సంతకం పూర్తయ్యేలోగా మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది.