దొంగ ఫైలు

"అనుమతి లేని ఫైలు. ఆట మూసివేయబడింది."

మసేను మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే.

నిన్నటిదాకా బాగానే ఉంది. ఆటలో మోసగాళ్ళని పట్టడానికి యాంటీచీట్ అని ఒక కాపలా ప్రోగ్రాం ఉంటుంది. దానికి కొత్తగా అప్‌డేట్ వచ్చింది. వస్తూనే మసేను సొంతంగా రాసుకున్న ఓ చిన్న ఫైలు మీద పడింది. అది తుపాకీకి గురి కుదిర్చేది కాదు, గోడ వెనక నక్కినవాణ్ణి చూపించేదీ కాదు. అయినా దానికి దొంగ ముద్ర పడింది.

ఆటని తీసేసి మళ్ళీ ఎక్కించాడు. యాంటీవైరస్‌లో మినహాయింపు ఇచ్చాడు. కంపెనీకి రాస్తే "పరిశీలిస్తున్నాం" అని ముక్తసరి జవాబొచ్చింది. ఆట బయట ఆ ఫైలు చక్కగా పనిచేస్తోంది. ఆటలోకి తెస్తే చాలు, గెంటేస్తోంది.

మసేనుకి గేట్ బజార్‌లో బట్టల కొట్టులో పని. పగలంతా తానులు దించడం, మడిచి అటకెక్కించడం. కొట్టులో అతనితో ఎవరికీ మాటల్లేవు. వేలు చూపిస్తే తాను దించుతాడు, అంతే. రాత్రికి అంకులిలో ఒంటి గది. ఆ గదిలో కంప్యూటర్ పెట్టాకే అతనికి పింటు, సస్మిత దొరికారు. సస్మితది ఛత్రపురం, పింటుది పొలసర. ముగ్గురూ ఒక జట్టు. ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

వాళ్ళిద్దరూ అతనికి పెట్టిన పేరు వాగుడుకాయ. మొదట్లో వార్తలు చదివినట్టు మాట్లాడేవాడు. ఇద్దరూ పడీపడీ నవ్వితే మెల్లగా వాళ్ళ యాస పట్టాడు. కాల్పులు జరిగినంతసేపూ కిక్కురుమనడు. అవి ఆగాయా, ఇక అతన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. కాకపోతే జవాబు కాస్త ఆలస్యంగా వస్తుంది. "నీ నెట్టు నత్తరా బాబూ" అని పింటు ఏడిపించేవాడు.

ఆ పింటు ఇప్పుడు మెసేజ్ పెట్టాడు. "ఆ ఫైలు తీసీరా. ఆట తెరుసుకుంటది."

"తియ్యను" అని కొట్టాడు మసేను.

"అంత ముద్దేటి? కొంపదీసి మోసం సేసే సీటింగు ఫైలేటి?"

ఆ మాట గుచ్చుకుంది. మసేను ఫైలు పక్కన పెట్టి ఆటలోకి వెళ్ళాడు. ఎప్పటికంటే బాగా ఆడాడు. జట్టుని గెలిపించాడు.

"సూసినావా పింటూ! ఫైలు నేకపోయినా ఇరగదీసినాడు" అంది సస్మిత హెడ్‌ఫోన్‌లో. "ఏటి వాగుడుకాయా, ఉలకవు, పలకవు?"

"అలిగినాడే" అన్నాడు పింటు. "ఒరే, తప్పయిపోనాదిరా. ఓపాలి తిట్టీరా, సరిపోద్ది."

'కోపం నేదు' అని మెసేజ్ పెట్టాడు మసేను.

"కోపం నేకపోతే నోటితో సెప్పు."

మసేను కంప్యూటర్ ఆపేశాడు. వెంటనే ఫోన్ మోగింది, పింటు. మోగినంతసేపూ దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు చెమర్చాయి.

తర్వాత ఆట జోలికి పోలేదు. ఇన్నేళ్ళ ఒంటరితనం ఒక ఎత్తు, ఆ వారం ఒక ఎత్తు.

ఆదివారం పొద్దున్న ఎవరో తలుపు కొట్టారు. తీస్తే గుమ్మంలో ఓ కుర్రాడు, ఒళ్ళంతా చెమట, చేతిలో పకోడీ పొట్లం.

"నానేరా, పింటుని. అంకులంతా ఎతుక్కుంటా వొచ్చినాను. నువ్వు తిడితే గానీ ఎల్లను."

గొంతు వినగానే మసేను అతన్ని లోపలికి లాగి కౌగిలించుకున్నాడు. కుర్చీ చూపించాడు. గబగబా కంప్యూటర్ ముందు కూర్చుని, కీబోర్డు మీద టకటకా కొట్టసాగాడు.

"ఇప్పుడు ఆటేట్రా? ఇంత దూరం వొచ్చినాను, నాతో మాటాడరా!" అన్నాడు పింటు.

మసేను పెదాలు కదల్లేదు గానీ, బల్ల మీది స్పీకర్లోంచి పింటుకి బాగా తెలిసిన ఆ గొంతు వచ్చింది: "కూకోరా పింటూ, నీ కోసం తిట్లు శానా దాసినాను, పుట్టుమూగోణ్ణి గదా."